దేవుడు వద్దనని పని

ఒక మనిషి చేతిపనిని దేవుడి పేరు చెప్పి పాడుచేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పదిహేడేళ్లు పట్టింది. రాశాక చూసుకుంటే, ఇంతేనా అనిపిస్తోంది. ఇంత చిన్న మాటనేనా నేను ఇన్నేళ్లు మోసింది?

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. చెప్పకపోవడం పిరికితనమే. ఒప్పుకుంటున్నాను. తెలిసినవాళ్లకు చెప్పుకోవచ్చు కదా అంటారేమో. చెప్పవలసిన మనిషికే వెళ్లి చెప్పాను, ఆలస్యంగానే అయినా. దాంతో నా బరువు దిగలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. అది ఎలాగో కూడా రాస్తాను. మొదటి నుంచి చెబితేగాని అర్థం కాదు.

రాయదుర్గం చుట్టుపక్కల పల్లెల రైతులు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటి ఉండేది. జూన్ వచ్చిందంటే విత్తన వేరుశనగ ఆ సంఘం గోదాము నుంచే పంచేవాళ్లు. పంచే రోజు పొద్దు పొడవక ముందే జనం చేరేవాళ్లు. ఎండకు నిలబడలేక వరసలో చెప్పులు పెట్టి, చెప్పుల్లేనివాళ్లు పాస్‌పుస్తకం పెట్టి దాని మీద రాయి ఉంచి, గోడ నీడన కూర్చునేవాళ్లు. ఎవరో ఒకరి చెప్పులు వెనక్కి జరిగేవి. కొట్లాట మొదలయ్యేది. ఒక ఏడాది ఆ వరసలోనే ఒక ముసలాయన ఎండదెబ్బకు పడిపోయి మళ్లీ లేవలేదు. ఆ తర్వాతే సంఘం అధ్యక్షుడు హనుమంతరెడ్డి కంప్యూటర్ మాట ఎత్తాడు. రైతుల పేర్లు ముందే ఎక్కించుకుని, ఏ ఊరివాళ్లు ఏ రోజు ఎన్ని గంటలకు రావాలో టోకెన్ ఇస్తే చెప్పుల వరస పోతుందని ఆయన ఆశ. ఆయన మా అమ్మకు వరసకు అన్న. నాకు మామ.

ఆ ప్రోగ్రాం రాయడానికి ఆయన పెట్టుకున్నది తిప్పేస్వామిని. విడపనకల్లు దగ్గరి పల్లె అతనిది. నాయన గొర్రెలు కాసేవాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి, ఒక నెట్ సెంటర్లో పనిచేస్తూ, ఖాళీగా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాడు. నేర్పినవాళ్లు లేరు. తప్పు వస్తే ఆ తప్పే అతనికి పంతులు. నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా నన్ను అన్నా అనేవాడు, నేను అతన్ని పేరు పెట్టి పిలిచేవాణ్ణి. అందులో వింత ఉందని నాకు అప్పుడు తోచలేదు.

నేను వచ్చేసరికి అతను ఐదు నెలలుగా ఆ పనిలో ఉన్నాడు. నేనెందుకు వచ్చానంటే, ఇంజనీరింగ్ పూర్తిచేసి బెంగళూరులో ఉద్యోగాలకు తిరిగి, ఎక్కడా దొరక్క ఇంటికి చేరాను. ఇంట్లో ఊరికే కూర్చున్న మేనల్లుణ్ణి చూసి మామ, "ఏమప్పా, మా వాడు ఏదో రాస్తాండాడు. నువ్వు సదువుకున్నోడివి, బాగుండాదో లేదో సూడు," అన్నాడు. చూడమన్నాడు. అంతే. మార్చమనలేదు.

ఇక్కడ కొంచెం నా వృత్తి సంగతి చెప్పాలి. ఇల్లు కట్టేటప్పుడు పునాది, స్తంభాలు ముందే పోసి ఉంటే మనం గోడలు లేపుకుంటే చాలు కదా. పీహెచ్‌పీలో అలాంటి వాటిని ఫ్రేమ్‌వర్కులు అంటారు. ఆ రోజుల్లో అవి పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తుండేవి. ఏది గొప్పదని ఇంటర్నెట్‌లో జనం కులాల గొడవల్లా తిట్టుకునేవాళ్లు. వాటి పేర్లు ఇక్కడ రాయను. తప్పు వాటిది కాదు. తిప్పేస్వామి పట్టుకున్నది చిన్నది. కాసిని ఫైళ్లు, తేలిగ్గా నడుస్తుంది, ఏది ఎక్కడ పెట్టుకోవాలో మన ఇష్టం. నేను తేవాలనుకున్నది పెద్దది. అన్నీ దాని పద్ధతి ప్రకారమే జరగాలి. ఆ పద్ధతికి లొంగితే మాత్రం సగం పని అదే చేసి పెడుతుంది. సంఘం ఆఫీసులో కూడా వాటిని చిన్నది, పెద్దది అనే పిలిచేవాళ్లం.

పెద్దదాన్ని ఎందుకు తేవాలనుకున్నాను? సంఘం మేలు కోసం అని నాకు నేనే చాలా రోజులు చెప్పుకున్నాను. అది కాదు. బెంగళూరులో రెండు ఇంటర్వ్యూల్లో నన్ను ఒకటే అడిగారు. ఆ పెద్దదానిలో నిజమైన పని ఏదైనా చేశావా అని. రెండుసార్లూ నోరు తెరవలేకపోయాను. నాకు చెప్పుకోవడానికి ఒక పని కావాలి. అది ఎవరి పనైనా సరే. ఇంకొకటి కూడా ఉంది, ఇది రాయడం ఇంకా కష్టం. గొర్రెలు కాసేవాడి కొడుకు రాసింది చదువుతుంటే నాకు తెలియనివి కనబడేవి. అతను నాకంటే బాగా రాశాడు. నాకు అది మింగుడు పడలేదు.

రెండింటినీ పోల్చి చూద్దామని అన్నది నేనే. ఎలా పోల్చాలో చెప్పింది తిప్పేస్వామి. ఒకే పేజీని రెండింటిలోనూ కడదామన్నాడు. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, టోకెన్ టైము. సంఘం ఆఫీసులో ఉన్న పాత కంప్యూటర్ మీదే నడిపి చూద్దామన్నాడు. నా దగ్గరున్న కొత్త లాప్‌టాప్ మీద చూద్దామని నేనంటే, "ఆ పొద్దు విత్తనాలు పంచేది నీ లాప్‌టాప్ కాదు కదన్నా," అని నవ్వాడు. ఎత్తిపొడుపు కాదు. నిజమే చెప్పాడు.

మూడు వారాలు ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చేశాం. చిన్నదానిలో పేరు కొట్టి సేవ్ నొక్కితే రెప్ప వేసేలోగా ఎక్కేది. పెద్దదానిలో నొక్కాక ఆకు వక్క నోట్లో వేసుకుని నమిలేంత సేపు పట్టేది. పాత మిషను పాపం దాని బరువుకు గస పోసేది. మధ్యలో కరెంటు పోతే చిన్నదానిలో అప్పటిదాకా ఎక్కించిన ప్రతి పేరూ భద్రంగా ఉండేది. తిప్పేస్వామి అలా రాసుకున్నాడు. పెద్దదానిలో నేను ఒక ఊరు మొత్తం ఒకేసారి ఎక్కేలా కట్టాను. చూడటానికి బాగుంటుందని. కరెంటు పోతే ఆ ఊరు మొత్తం పోయేది. అయితే పెద్దదానిలో ఫారాలు వాటంతట అవే తయారయ్యేవి. రేపు ఇంకెవరైనా వచ్చి ఈ పనిలో చేయి పెట్టాలంటే, ఏది ఎక్కడుందో వెతుక్కోనవసరం లేదు. ఈ రెండు మంచి మాటలూ నేను చెప్పినవి కావు. తిప్పేస్వామి తన కాగితంలో రాసినవి.

అతని కాగితం ఒక్క పేజీ. నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ, తెలుగులో. పెద్దదాన్ని పొగిడాక కింద ఇలా ఉంది: పదిమంది కలిసి చేసే పనికి పెద్దదే మేలు. మనం ఇద్దరమే. మిషను పాతది. కరెంటు నిలవదు. మనకు చిన్నది చాలు. నేను అది మూడుసార్లు చదివాను. తప్పు పట్టడానికి ఒక్క అక్షరం దొరకలేదు. నా రిపోర్టు ఇంగ్లీషులో పదకొండు పేజీలు, రంగుల బొమ్మలతో. అందులో పాత కంప్యూటర్ సంగతి ఎక్కడా లేదు. భవిష్యత్తు అన్న మాట మాత్రం ప్రతి పేజీలోనూ ఉంది.

అంటే నాకు తెలుసు. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి. పొరపాటు పడలేదు, తెలియక చేయలేదు. ఏది సరైనదో తెలిసే చేశాను.

రెండు కాగితాలూ సంఘం పెద్దల ముందుకు వెళ్లాయి. వాళ్లకు రెండూ ఒకటే. సగంమంది మామ మేనల్లుడని నా వైపు, సగంమంది ఐదు నెలల నుంచి కళ్లముందు కష్టపడుతున్నాడని తిప్పేస్వామి వైపు. రెండుసార్లు కూర్చున్నా తెగలేదు. చివరికి మామ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, "మనకు తెలియని విద్యలో మనం తీర్పు చెప్పేదేందప్పా. కొండ మీద సామి ఉండాడు. చీటీలేస్తాం," అన్నాడు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. మా వైపు తేలని సంగతులన్నీ అక్కడే తేలేవి. కణేకల్ కాలువ కింద తడి ఎవరికి ముందు, బోరు ఏ చేలో వేయాలి, పిల్లకు ఏ సంబంధం చేయాలి, అన్నిటికీ ఆంజనేయస్వామి ముందు రెండు చీటీలు. ఎవరికి ఏది వచ్చినా ఆ తర్వాత నోరెత్తకూడదు. ఎత్తరు కూడా. నేను లోపల నవ్వుకున్నాను. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్కును చీటీ తీసి ఎంచుకునే ఊరు ప్రపంచంలో ఇదొక్కటే ఉంటుందనుకున్నాను. అందరికంటే సంతోషపడింది తిప్పేస్వామి. ఇద్దరి మధ్యా మాట రాకుండా సామి తీర్చేస్తాడని. చీటీలు ఎవరు రాయాలని మామ అడిగితే అతనే, "అన్న చేతిరాత బాగుంటాది, అన్ననే రాయనీ," అన్నాడు.

ఆఫీసులో కూర్చుని రాశాను. గదిలో ఎవరూ లేరు. మొదటి చీటీ మీద పెద్దదాని పేరు. రెండో కాగితం మీద పెన్ను పెట్టాను. కాసేపు ఆగాను. ఏం ఆలోచించాను? ఇలా చీటీలతో తేల్చడమే తప్పు, తప్పు పద్ధతిని తప్పుగా నడిపితే తప్పేముంది అనుకున్నాను. నేను దేవుణ్ణి నమ్మను కాబట్టి నాకు పాపం ఎక్కడిది అనుకున్నాను. నేను నమ్మకపోతే ఏం, నమ్మేవాడు పక్క గదిలోనే ఉన్నాడు కదా? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు. వచ్చినా రానివ్వలేదేమో. రెండో కాగితం మీద కూడా అదే పేరు రాశాను. రెండూ ఒకేలా మడిచాను. చేయి వణికిందని ఇక్కడ రాద్దామనుకున్నాను. వణకలేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

శనివారం పొద్దున అందరం కొండెక్కాం. పూజారి చీటీలు పళ్లెంలో వేసి స్వామి పాదాల దగ్గర పెట్టి హారతి ఇచ్చాడు. తీయడానికి గుడి ఊడ్చే అవ్వను పిలిచారు. ఆమెకు చదువు రాదు, ఎవరి వైపూ మొగ్గదు. ఆమె కళ్లు మూసుకుని ఒకటి తీసి మామ చేతికిచ్చింది. మామ ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. పెద్దది. కొందరు గోవిందా అన్నారు.

అప్పుడు తిప్పేస్వామి పళ్లెంలో మిగిలిన చీటీ వైపు చేయి చాపాడు. అనుమానంతో కాదు. ఐదు నెలల పని కదా, దాని పేరు ఒకసారి చూసుకుందామని. నేను పళ్లానికి అడ్డంగా చేయి పెట్టాను. "వద్దు, సామి కాదన్నదాన్ని మళ్లీ చూడకూడదంట," అన్నాను. అలాంటి ఆచారం ఎక్కడా లేదు. ఆ క్షణంలో నా నోట్లో పుట్టింది. పూజారి కూడా నిజమే అన్నట్టు తలాడించి, ఆ చీటీని తీసి మండుతున్న కర్పూరం మీద వేశాడు. అది కాలిపోతుంటే తిప్పేస్వామి దానికి దణ్ణం పెట్టాడు.

మెట్లు దిగుతుంటే నేనే ఉండబట్టలేక అడిగాను.

"బాధపడ్తాండావా, తిప్పేస్వామీ?"

"బాధేముందన్నా. మనిసి వద్దంటే బాధ. సామి వద్దంటే దానికొక అర్థముంటాది."

"ఏం అర్థం?"

"నా చేతిలో ఏందో దోషం ఉండాది. ఐదు నెలలు చేసినా, ఒక్క దినం కూడా సామికి చెప్పి మొదలుపెట్టినోణ్ణి కాదు. నాకు వస్తాదిలే అని మిడిసిపడినా. దానికే." కొన్ని మెట్లు దిగాక మళ్లీ అన్నాడు. "నీదాంట్లో నాకు ఏదన్నా పని చెప్పన్నా. నేర్చుకుంటా."

అప్పుడు చెప్పాల్సింది. ఆ మెట్ల మీదే. ఇంకా ఏదీ చెడిపోలేదు. అతని ఫైళ్లన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. ఒక్క మాట చాలు. నేను, "సరేలే," అన్నాను.

సోమవారం నా ఎదుటే అతను తన ఫోల్డరు మొత్తం తీసేశాడు. రెండూ ఉంటే మనసు రెండు దోవల పోతుందన్నాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. అతను తీసేయక ముందే ఒక కాపీ దాచాలని నాకు తట్టింది. తట్టింది కానీ చేయలేదు. ఆ కాపీ ఉన్నంత కాలం నా మీద సాక్ష్యం ఉన్నట్టే అనిపించింది. తర్వాత అతను నా కింద, నా పెద్దదానిలో, మనసు పెట్టి పనిచేశాడు. నేను తప్పుగా కట్టినవాటిని కూడా సరిచేయడానికి చూశాడు. ఊరు మొత్తం ఒకేసారి ఎక్కించడం మానేద్దామని రెండుసార్లు అన్నాడు. నేను వినలేదు.

జూన్‌లో విత్తనాల రోజులు వచ్చాయి. జరగాల్సిందే జరిగింది. పేర్లు ఎక్కిస్తుండగా కరెంటు పోయింది, వచ్చింది, పోయింది. కొన్ని ఊళ్లు ఎక్కాయి, కొన్ని ఎక్కుతుండగానే మొత్తం పోయాయి. మళ్లీ ఎక్కించే హడావుడిలో రెండు ఊళ్లకు ఒకే పూట టోకెన్లు పడ్డాయి. గోదాము ముందు తోపులాట. మధ్యాహ్నానికి జనం టోకెన్లు చించి పారేసి మళ్లీ చెప్పులు పెట్టుకున్నారు. మామ పాత రిజిస్టర్లు తెప్పించాడు. ఆ పూట నన్నెవరైనా ఒక మాట అని ఉంటే బాగుండేది. ఎవరూ అనలేదు. సామి చెప్పినట్టే చేశాం, మన కర్మ ఇట్లుండాది అన్నారు. తిప్పేస్వామి ఒక్కడే మూలన నిలబడి, "నేను దీంట్లో చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు. నా చేతి తప్పును కూడా అతను తన దోషంలో కలిపేసుకున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

నెల తర్వాత మామ అతన్ని పిలిచి, నీ పాతది మళ్లీ రాయప్పా, పోతే పోయింది అన్నాడట. అతను రాయనన్నాడు. సామి కాదన్నది మళ్లీ ముట్టనన్నాడు. తల్లోనే ఉన్న పని, రెండు మూడు నెలల్లో మళ్లీ కట్టగలిగిన పని. ఎవరు ఎంత చెప్పినా వినలేదు. రాయదుర్గంలోనే ఒక జీన్స్ కుట్టే యూనిట్‌లో చేరాడు. మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోలేదు.

నేను బెంగళూరు వెళ్లాను. అడిగినవాళ్లు మళ్లీ అదే అడిగారు. పెద్దదానిలో నిజమైన పని చేశావా? చేశాను, రైతులకు విత్తనాలు పంచే పని, అన్నాను. ఎలా నడిచిందని అడగలేదు. ఉద్యోగం వచ్చింది. ఏ పెద్దదాని కోసం ఇంత చేశానో, కొన్నేళ్లకే దాని పేరెత్తేవాళ్లు తగ్గిపోయారు. చిన్నదాని సంగతీ అంతే. వాటి వెనక ఇంకేవో వచ్చాయి, పోయాయి. ఇప్పుడు మా కంపెనీలో ఏ ఫ్రేమ్‌వర్కు ఎంచుకోవాలన్నా నన్నే అడుగుతారు. గడులు గీసి, వేగం, భద్రత, నేర్చుకునే కాలం అని వరసగా రాసుకుని నా ముందు పెడతారు. నేను కళ్లజోడు పెట్టుకుని తీర్పు చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నోటుపుస్తకంలోంచి చింపిన ఆ ఒక్క పేజీ గుర్తొస్తుంది. అంత నిజాయితీగా పోల్చిన కాగితం నేను మళ్లీ చూడలేదు. నేనూ రాయలేదు.

పోయిన ఏడాది మామ పోయాడు. దినాలకు రాయదుర్గం వెళ్లాను. తిప్పేస్వామి కూడా వచ్చాడు. తల నెరిసింది. యూనిట్‌లో కటింగ్ మాస్టర్ అట, పదిమందికి పని నేర్పుతున్నాడట. నన్ను చూసి అదే నవ్వు. అన్నా, ఇంటికి రా అన్నాడు. వెళ్లాను.

అతనికి ఒక కూతురు, చీటీలేసిన ఏడాది చంటిపిల్ల. ఇంటర్ అయిపోయింది. లెక్కల్లో మంచి మార్కులు. కంప్యూటర్లు చదువుతానని అడుగుతోందట. అతను ఒప్పుకోవడం లేదు. "మా ఇంటికి అది అచ్చిరాదన్నా. సామే చెప్పినాడు కదా. నర్సింగులో చేరుస్తా," అన్నాడు, నాకు తెలిసిన సంగతే గుర్తు చేస్తున్నట్టు.

అప్పుడు చెప్పాను. మంచి గుండెతో చెప్పానని అనుకోకండి. ఇక మోయలేక చెప్పాను. రెండు చీటీల్లోనూ ఒకటే పేరు రాశానని, చూడకూడదన్న ఆచారం నేను పుట్టించిందని, నీ పనిని ఏ దేవుడూ వద్దనలేదని, నీ చేతిలో ఏ దోషమూ లేదని. చెప్పి తల దించుకున్నాను. తిడతాడనుకున్నాను. కొడితే ఇంకా మేలనుకున్నాను.

అతను మెల్లగా అన్నాడు.

"నిజమే అయ్యింటాదన్నా. నువ్వు ఇంత దూరం వచ్చి అబద్ధం చెప్పవు. కానీ ఆ పొద్దు నీ చేత రెండుసార్లూ అదే పేరు రాయించినది ఎవురు?"

"ఎవరూ లేరు స్వామీ. నేనే రాసినా."

"నువ్వట్లనుకుంటాండావు. నాది ఉండాలని సామికి ఉండింటే నీ చెయ్యి ఆడనే ఆపింటాడు."

ఎన్నో విధాల చెప్పి చూశాను. నా ఉద్యోగం కోసం చేశానన్నాను, నీ మీద కుళ్లుతో చేశానన్నాను. అన్నిటికీ తలాడించాడు. చిన్నపిల్లవాడు కింద పడి ఏడుస్తుంటే ఊరుకోబెట్టే వాడిలా చూశాడు నన్ను.

"నన్ను తిట్టు స్వామీ, ఒక్క మాటన్నా తిట్టు," అన్నాను.

"తిట్టేదానికి ఏం చేసినావన్నా. ఎండలో వచ్చినావు, భోంచేసి పో."

జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ పెట్టించాడు. తిన్నాను. అది కూడా చెప్పాలి. ఆకలిగానే ఉంది, రెండు రొట్టెలు తిన్నాను. నీళ్ల చెంబు తెచ్చి పెట్టిన ఆ అమ్మాయి నా ముఖం వైపు ఒకసారి చూసింది. తలుపు చాటునుంచి అంతా విన్నట్టుంది. నా చేయే తప్పు చేసిందని నమ్మినది ఆ ఇంట్లో ఆమె ఒక్కతేనని ఆ చూపులోనే తెలిసింది. కానీ ఆమె నమ్మితే ఏమవుతుంది? వాళ్ల నాయనకు ఎదురు చెప్పే పిల్ల కాదు. నేనేమో అతన్నే ఒప్పించలేకపోయినవాణ్ణి. జూన్‌లో నర్సింగ్ కాలేజీలో చేరిందని తిప్పేస్వామే ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంగా చెప్పాడు.

నా అబద్ధం ఇప్పుడు నాకంటే పెద్దదైపోయింది. నేను నిజం చెప్పినా అది చెక్కు చెదరలేదు. నా నిజాన్ని కూడా మింగి ఇంకా బలిసింది. క్షమించమని అడగడానికి వెళితే అతని దగ్గర క్షమించడానికి తప్పే లేదు. అతను అంత మంచివాడు కావడం కూడా నాకు శిక్షే. ఏం చేయగలను? ఆ పిల్ల చదువు మార్చలేను. ఆ ఫోల్డరు తిరిగి తేలేను. ఒక మనిషి మనసులో కూర్చోబెట్టిన దేవుణ్ణి, నేనే కూర్చోబెట్టిన దేవుణ్ణి, లేవమని చెప్పలేను.

అందుకే మీకు రాస్తున్నాను. మీరు తిప్పేస్వామి కాదు. దీన్ని తప్పు అని అనగలరు. మీరు అన్నా నాకు వినబడదు, అయినా రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకంటే ఏమీ కోరను.

ఆ రెండో చీటీ మీద పెన్ను పెట్టి కాసేపు ఆగానని రాశాను కదా. ఆ పూట నా చేతిని ఆపింది ఎవరో నాకు తెలియదు. సామే అయి ఉండవచ్చు. మళ్లీ కదిలించింది మాత్రం నేను.